జంబయ్య గుమ్మం ముందు చెప్పిన కబుర్లు

నల్లకొండ అడవిని ఒక వాగు రెండుగా చీల్చుకుని పోతుంది. ఈ గట్టున ఉండేవాళ్ళ కబుర్లు ఆ గట్టుకి మోసే పని గోరింకలది. వాటికి ఆ పని ఎవరు అప్పగించారో ఎవరికీ గుర్తులేదు. మాటలొచ్చు, రెక్కలున్నాయి కాబట్టి ఎవరో ఒకరు మొదలుపెట్టి ఉంటారు, మిగతావాళ్ళు అలవాటు చేసుకుని ఉంటారు.

ఆ గోరింకలన్నిట్లో పెద్దది నూకాలు. చూపు తగ్గింది, చినుకు పడితే ఎడమ రెక్క సలుపుతుంది. అయినా పని మానలేదు. మానితే ఇంట్లో కూర్చుని చేసేదేముందిలే అనుకునేది. పనికి ఒకటే పద్ధతి. కబురు చెప్పినవాళ్ళ నోటి నుంచి విని, చేరాల్సినవాళ్ళ చెవిలో చెప్పి, తర్వాత వాగులో మూడుసార్లు ముక్కు కడుక్కోవాలి. ముక్కు కడిగిన గోరింకని ఆ కబురు గురించి ఎవరూ అడగరు. అడిగితే సిగ్గులేనివాళ్ళ కింద లెక్క.

ఒక ఏడు వేసవిలో చిరుతపులి వచ్చిందని ఎవరో తుంటరివాళ్ళు అబద్ధపు కబురు పంపారు. జంతువులన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ పరిగెత్తాయి. ఆ తొక్కిసలాటలో ఒక ముసలి దుప్పి కాలు విరిగి చచ్చిపోయింది. కబురు ఎవరు పంపారో ఇప్పటికీ తేలలేదు. మర్నాడు అందరూ వాగొడ్డున చేరి ఏడుస్తుంటే నక్క జంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇలా ఎంతకాలం? ఏ కబురు ఎటు పోతోందో ఒకళ్ళు చూసుకోవద్దా? ఎవరూ ముందుకు రాకపోతే ఆ చాకిరీ నేనే చేస్తాను. గోరింకలు ప్రతి కబురూ నా గుమ్మం ముందు ఒకసారి గట్టిగా చెప్పి వెళ్తే చాలు."

"ప్రతి కబురూనా?" అంది నూకాలు.

"తప్పు చేయనివాళ్ళకి భయమెందుకు నూకాలూ?" అంది అడవిపంది, తనే ఏదో గొప్ప మాట కనిపెట్టినట్టు.

మిగతావాళ్ళు తలలూపారు. అంతమంది తలలూపాక ముసలిదాని మాటెవరు వింటారు? నూకాలు కూడా నోరు మూసుకుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు తనని తాను తిట్టుకుందో లెక్కలేదు.

మొదట్లో జంబయ్య బాగానే ఉన్నాడు. కబురు విని, "ఊఁ, వెళ్ళు" అనేవాడు. తర్వాత కొన్ని మాటలు జనాన్ని భయపెడతాయని, అవి కబుర్లలో ఉండకూడదని అన్నాడు. 'చిరుత' అనకూడదు. సబబే అనుకున్నారు. నెల తిరిగేసరికి 'ఆకలి' అనకూడదన్నాడు. ఆ తర్వాత 'నక్క' అనకూడదన్నాడు. జంబయ్య గుమ్మం వెనక కొత్త ఎముకలు కనిపిస్తున్నాయని ముళ్ళపంది తన బావమరిదికి కబురు పెడితే, ఆ కబురు అక్కడే ఆగిపోయింది. ముళ్ళపంది మాట ఏ గోరింకా మోయకూడదని హుకుం వచ్చింది. పాపం, బావమరిది తన అక్క కబురు కోసం ఎదురుచూస్తూ ఆ గట్టునే కూర్చున్నాడు.

అలాంటి రోజుల్లో కుందేలు చిట్టెమ్మ నూకాల్ని పిలిచింది.

"పిన్నీ, మా అక్కకి చెప్పు. నాలుగు పుట్టాయి. పగిలిన బండ కింద బలుసు పొదలో ఉన్నాం. సాయంత్రం నేను మేతకి పోతాను, అప్పుడొచ్చి కాస్త కనిపెట్టుకోమను."

"ముందు జంబయ్య గుమ్మం ముందు చెప్పాలి కదమ్మా."

"నా పిల్లల సంగతి ఆయనకెందుకు పిన్నీ?"

"రూలు తల్లీ," అంది నూకాలు. 

వెళ్ళి గట్టిగా చెప్పింది. జంబయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. "శుభం. తల్లీ పిల్లలూ క్షేమమేగా," అన్నాడు. మర్నాడు సాయంత్రం అక్క వచ్చేలోపే బలుసు పొదలో రెండు పిల్లలు లేవు.

చిట్టెమ్మ నూకాల్ని ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నూకాలుకి కాస్త నయంగా ఉండేది. చిట్టెమ్మ మిగిలిన రెండు పిల్లల్నీ పొట్ట కింద దాచుకుని అటు తిరిగి పడుకుంది. నూకాలు ఆ రోజు వాగులో మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు ముక్కు కడుక్కుంది. ఒంట్లో ఓపికంతా అక్కడే అయిపోయినట్టనిపించింది.

ఆ తర్వాత వారానికి నిజంగానే చిరుత వచ్చాడు. తెలివైనవాడు. అడవంతా తిరిగి వాసన పట్టడం ఎందుకు, అందరి సంగతులూ వచ్చి చేరే చోటు ఒకటి ఉండగా? నేరుగా జంబయ్య గుమ్మం దగ్గరికి వచ్చి, పక్కనున్న తుప్పలో పడుకున్నాడు.

"నీ పని నువ్వు చేసుకో జంబయ్యా. నేను వింటూ ఉంటాను. మిగిలింది నీకు పడేస్తాను."

జంబయ్య తలూపాడు.

ఆ వారంలో రెండు దుప్పులు, ఒక కణుజు పోయాయి. ముగ్గురూ ఏ రేవులో నీళ్ళు తాగుతారో తమవాళ్ళకి కబురు పంపినవాళ్ళే. తుప్పలోంచి బయటికి కనిపించిన మచ్చల తోక నూకాలు కంటపడింది. అందరికీ చెప్పాలనుకుంది. 'చిరుత' అనే మాట ఏ గోరింకా మోయదు. 'మచ్చలాయన' అని చెప్పి చూసింది. సాయంత్రానికి ఆ మాట కూడా అనకూడనివాటిలో చేరింది.

ఒక మధ్యాహ్నం నూకాలు రేవులో నీళ్ళు తాగుతుంటే జంబయ్య వచ్చాడు. చిక్కిపోయాడు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగాడు.

"నూకాలూ, ఒక సాయం చెయ్యాలి. దాహం అని చెప్పి బయటపడ్డాను, ఆలస్యమైతే అనుమానిస్తాడు. నా పెళ్ళానికి నిన్నగాక మొన్న ఐదు పిల్లలు పుట్టాయి. వాడికి పిల్లల వాసన తగిలింది. ఎక్కడున్నారని పొద్దున్నించీ అడుగుతున్నాడు. వెంటనే గూడు మార్చెయ్యమని చెప్పాలి. ఎక్కడున్నారో నీకు చెబుతాను, నువ్వు గప్‌చుప్‌గా వెళ్ళి..."

"గుమ్మం ముందు గట్టిగా చెప్పి వెళ్ళాలి కదండీ," అంది నూకాలు.

"గుమ్మం పక్కన ఎవరున్నారో నీకు తెలీదా?"

"తెలుసు. నేను చెప్పబోతే ఆపింది మీరే కదా."

"ఇది ఇంటి సంగతి నూకాలూ."

"చిట్టెమ్మదీ ఇంటి సంగతే."

జంబయ్య తల దించుకున్నాడు.  నూకాలు అతని వంక చూసింది. గుమ్మం ముందుకెళ్ళి ఈ కబురు గట్టిగా చెబితే చాలు. చిట్టెమ్మ పగ తీరుతుంది, తనకీ రెక్కల మీంచి బరువు దిగినట్టుంటుంది. చెప్పాలనే అనిపించింది. కానీ ఆ ఐదు పిల్లలూ ఎవరి జోలికీ పోలేదు. బలుసు పొదలోవీ ఎవరి జోలికీ పోలేదు. పిల్లల సంగతి ఇంకోసారి ఆ గుమ్మం ముందు చెప్పడం ఆమె వల్ల కాలేదు.

"మోస్తాను," అంది. "మీ ఒక్కరికే మినహాయింపు ఇచ్చి మాత్రం మొయ్యను. అదిగో ఆ బండ ఎక్కండి. ఈ రోజు నుంచి ఎవరి కబురూ మీ గుమ్మం ముందు చెప్పక్కర్లేదనీ, ఏ మాటైనా మోయొచ్చనీ అందరికీ వినబడేలా చెప్పండి. అప్పుడు నా చెవిలో చెప్పండి."

"వాడికి తెలిసిపోతుంది. నన్ను బతకనివ్వడు."

"అది మీ ఇష్టం. నాకు వాదించే ఓపిక లేదు."

జంబయ్య బండ ఎక్కి ఆమె చెప్పమన్నదంతా చెప్పాడు. అతను నిజమైన మాట గట్టిగా చెప్పగా అడవి వినడం అదే మొదటిసారి. గోరింకలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. బండ దిగి జంబయ్య నూకాలు చెవిలో తన కబురు చెప్పి, చిరుతకి అనుమానం రాకుండా గుమ్మం దగ్గరికి తిరిగి వెళ్ళాడు. నూకాలు ఎగిరింది, చేరాల్సిన చెవిలో చెప్పింది, తిరిగొచ్చి ముక్కు కడుక్కుంది. నక్క పెళ్ళాం ఎక్కడుందో ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

ఆ పూట గోరింకలు మోసిందంతా ఒక్కటే మాట. "చిరుత జంబయ్య గుమ్మం దగ్గరున్నాడు." సాయంత్రానికి రేవులన్నీ ఖాళీ, పొదలన్నీ ఖాళీ. చిరుత తుప్పలో పడుకుని చెవులు రిక్కించాడు. ఒక్క రెక్క చప్పుడు లేదు.

"ఏం జంబయ్యా, ఈవేళ కబుర్లేం లేవా?"

"లేవండీ. ఇక రావు."

"అయితే నీతో నాకేం పని?" అని చిరుత తుప్పలోంచి లేచాడు.

జంబయ్య మళ్ళీ కనిపించలేదు. తిండి దొరక్క చిరుత నాలుగు రోజులు చూసి అవతలి కొండకి పోయాడు.

ఇంతటితో అయిపోతే బాగుండును. నెల తిరక్కుండానే అందరూ మళ్ళీ వాగొడ్డున చేరారు. ఎవరో ఏదో కబురు తప్పుగా మోశారని గొడవ. అడవిపంది లేచింది.

"జంబయ్య చెడ్డవాడు, ఒప్పుకుంటాను. అలాగని కబుర్లు వినేవాళ్ళు ఒకళ్ళు లేకపోతే ఎలా? ముంగిస ఉన్నాడు. పద్ధతైనవాడు."

తలలు మళ్ళీ ఊగాయి. ముంగిస వినయంగా లేచి నిలబడ్డాడు. నూకాలు కొమ్మ మీద కళ్ళు మూసుకుంది. ఎన్నిసార్లు చెప్పాలి, ఎవరికని చెప్పాలి అనుకుంది. ఏడుపు కూడా రాలేదు.

అప్పుడు వెనక వరసలోంచి చిట్టెమ్మ మాట్లాడింది. ఆమె సభలో నోరు తెరవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

"అలాగే కానివ్వండి. ముందుగా ముంగిస బాబాయి ఇల్లెక్కడో, పిల్లలెందరో, ఇంట్లో పిన్ని ఏ వేళకి ఉండదో మా అందరి ముందు గట్టిగా చెప్పమనండి."

ముంగిస నెమ్మదిగా కూర్చున్నాడు. ఆ రోజుకి సభ అక్కడితో ముగిసింది.

నీతి: తన తలుపు గడియ తియ్యనివాడికి ఊళ్ళో తలుపులన్నీ తెరిచి చూపించకండి.