ఏడిళ్ళకి పంచిన చేమంతి

అనగనగా కొండమీద ఒక ఊరు. ఎంత చలంటే, అక్కడ మనుషులే కాదర్రా, మొక్కలు కూడా ఎండ కోసం కాచుక్కూచునేవిట. ఆ ఊళ్ళో వరాలని ఒక పిల్ల. తల్లి లేదు పాపం. తల్లి వదిలి వెళ్ళిన ఆస్తల్లా పెరట్లో పసుప్పచ్చ చేమంతి దుబ్బు. ఏటా పూస్తుంది, ఎండుతుంది, మళ్ళీ మొదట్లోంచి పిలకలు వేస్తుంది. చేమంతికి మొహాన ఎండ తగలాలే అమ్మా అనేదిట తల్లి. వరాలు ఆ మాట కొంగున ముడేసుకుంది.

ఆ పిల్లకి కింద మైదానంలో సంబంధం కుదిరింది. రాళ్ళు పగిలే ఎండల ఊరు. వైశాఖంలో పెళ్ళి. కొత్తకోడలు సారె తేవాలి కదా, మీ అమ్మతో నేను లడ్లూ అరిసెలూ పంపలేదూ, అలాగ. ఈ పిల్లకి పంపేదెవరు? చేమంతి దుబ్బునే మట్టిముద్దతో సహా తవ్వి, తడిగోనెలో చుట్టి, గంపలో పెట్టుకుని బండెక్కింది. కొండ దిగింది బండి, కోన దాటింది బండి, వాగులో దిగింది బండి, వాగు దాటింది బండి. ప్రతి వాగు దగ్గరా దిగి గోనె తడిపింది. ఊ కొడుతున్నారా?

సారె చూద్దామని వీధి వీధంతా వచ్చింది. గంప మూత తీస్తే ఏముంది, మట్టి! ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. అత్తగారు అచ్చియ్యమ్మ మాత్రం నోరు మెదపలేదు.

తల్లి మాట ప్రకారం వరాలు చెట్టుని నడివాకిట్లో, ఎండ మాడ్చే చోట నాటింది. వాడితే మిట్టమధ్యాహ్నం చెంబెడు నీళ్ళు పోసేది. పోసినకొద్దీ వాడింది, వాడినకొద్దీ పోసింది. పదిహేను రోజుల్లో పైన ఆకు మాడింది, కింద వేరు కుళ్ళింది. మా అమ్మ మళ్ళీ చచ్చిపోయిందత్తా, నాకీ ఊరొద్దు, నేను పోతానని వరాలు మూట కట్టేసింది.

అప్పుడు విప్పిందమ్మా అచ్చియ్యమ్మ నోరు. తప్పు చేశానే తల్లీ, నన్ను తిట్టి మరీ పో అంది. ఏం చేసిందిటంటే, సారె వస్తే ఇంటింటికీ పంచాలి కదా, పంచకపోతే పుట్టింటికి మాట. తల్లి లేని పిల్లకి మాట రానివ్వకూడదని, మొదటిరోజు వరాలు అలిసి పడుకుంటే దుబ్బులోంచి ఏడు పిలకలు తీసి, పసుపు కుంకుమలతో ఏడిళ్ళకి పంచేసింది! చెబితే అమ్మ చెట్టు తుంపావా అని ఏడుస్తుందని దాచింది.

ఇద్దరూ పరుగున వెళ్ళారు. మొదటింట మేక తింది. రెండో ఇంట గేదె తొక్కింది. మూడో ఇంట కోడి గీరింది. నాలుగో ఇంటావిడ, మహా తెలివైంది లెండి, కొత్తరకం ఆకుకూర అనుకుని పప్పులో వేసేసింది. పైగా చేదని వంక! ఐదో ఇంట ఎండలో పెట్టారు, ఎండింది. ఆరో ఇంట నాటడమే మర్చిపోయారు. నవ్వకండర్రా, వరాలు నవ్వలేదు. ఏడో ఇంటికి పరిగెత్తింది.

ఏడో ఇల్లు సూరమ్మది. కళ్ళు కనపడని ముసలమ్మ. ఆవిడ పెరడంతా చేత్తో తడిమి, ఎక్కడ నేల చల్లగా తగిలితే అక్కడ పెట్టిందిట, గోడనీడన, నీళ్ళకుండ చెమ్మలో. పచ్చగా, వేలెడు పిలక! వరాలు అక్కడే కూలబడి ఏడ్చింది. సూరమ్మ దాని తల నిమిరింది. అక్కడ ఎండ కరువు గనక మీ అమ్మ ఎండ చూపించిందే, ఇక్కడుంటే నీడ వెతికేది అంది.

వరాలు మూట విప్పేసింది.

మార్గశిరంలో చేమంతి విరగబూసింది. తొలిపువ్వు అత్తగారి కొప్పులో పెట్టింది వరాలు. మరుసటి ఏడాది పిలకలు తనే ఏడిళ్ళకీ పంచింది, నాలుగో ఇంటావిడకి మాత్రం పప్పులో వెయ్యొద్దని ముమ్మారు చెప్పి. చూశారా, దాచుకున్నది మాడింది, పంచుకున్నది మిగిలింది. ఇక కథ కంచికి, పువ్వు కొప్పులోకి, మీరు దుప్పట్లోకి.