మొగుడి పాట మీద ఇంకో వరహా

అనగనగా గరిటెపూడి అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో పెళ్ళివంటలు చేసే ఇంటికి కోడలుగా వచ్చింది నాంచారి. అత్త గవరమ్మ, మొగుడు సింహాద్రి. సింహాద్రి మంచివాడు. మీ తాతయ్యా మంచివారే. అంతకంటే చెప్పను, పక్కగదిలో మెలకువగానే ఉన్నారు.

వాళ్ళింటి గుండిగకి చిల్లుపడింది. మాట్లు వేయించి వేయించి, ఇంకో మాటు వేయడానికి అసలు గుండిగే మిగల్లేదు. పదిహేను రోజుల్లో మునసబుగారి కూతురి పెళ్ళి, ఎనిమిది వందల విస్తళ్ళు. బయానా కూడా తీసేసుకున్నారు. గుండిగ లేకపోతే ఆ పెళ్ళి పొరుగూరి వంటవాళ్ళకి పోతుంది. ఒక్క పెళ్ళి పోయిందంటే చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ దాని వెనకే పోతాయి. ఊఁ కొడుతున్నారా? ఒక్క గొంతే వినిపిస్తోంది. రెండోవాడు నోట్లో వేలు పెట్టుకున్నట్టున్నాడు, తియ్యి.

పాటలకోటలో రాజుగారి దివాణం ఉంది. ఎవరైనా వస్తువు తెచ్చి అక్కడ వేలానికి పెట్టొచ్చు, ఎవరైనా పాడొచ్చు. రాగి గుండిగ ఒకటి వేలానికి వచ్చిందని తెలిసి, గవరమ్మ తన మెడలో కంటె తాకట్టు పెట్టి నూరు వరహాలు తెచ్చింది. అందులోనే కళాయి పూతకి ఐదు వరహాలు మిగల్చాలి. రాగికి కళాయి లేకపోతే పులుసు చిలుమెక్కి, పెళ్ళికొచ్చినవాళ్ళంతా చెరువుగట్టున బారులు తీరతారు. కళాయివాడు అరువు పెట్టడు. వాడికి గరిటెపూడి సంగతి తెలుసు.

తొంభై అయిదు దాటొద్దని వెయ్యిసార్లు చెప్పి సింహాద్రిని ముందు పంపారు. అత్తాకోడళ్ళు వెనక బయల్దేరారు.

కోటకి వెళ్ళే దారిలో ఒక గుమ్మం, ఆ గుమ్మంలో కామయ్య అనే ఆయన. తన గుమ్మంలోంచి వెళ్ళి వేలంలో కొన్నవాళ్ళకి కొంత సొమ్ము వాపసు ఇస్తానని చాటింపు వేయించాడు. మీ అమ్మ ఫోన్లో చీర కొని, డబ్బులు వెనక్కొస్తాయని నెలంతా ఆ ఫోను తెరిచి చూస్తూ ఉంటుందే, ఆ వ్యాపారమే. మీ అమ్మకి నేను చెప్పానని చెప్పకండి.

గుమ్మం దాటేవాళ్ళంతా ఒకటే అడిగేవాళ్ళు, ఎంతొస్తుందని. రాకపోతే కామయ్య దొంగ అనేవాళ్ళు. నాంచారి ఎంత అని అడగలేదు. అరుగు మీద కూర్చుని, దేన్లోంచి ఇస్తావయ్యా అని అడిగింది.

ఆ ప్రశ్న అడిగిన మనిషి కామయ్యకి పుట్టాక తగల్లేదట. మంచినీళ్ళిచ్చి మరీ చెప్పాడు. నూరుకి పాడితే అందులో పది దివాణానికి. ఆ పదిలో ఆరు గుమ్మానికి. ఆ ఆరులో ఐదు మనిషికి. పాట ఒక్కటే లెక్క, బండి కిరాయీ అదీ లెక్కలోకి రావు. మరి నేను నీ గుమ్మంలోంచే వచ్చానని దివాణానికి ఎలా తెలుస్తుందని అడిగింది. కామయ్య చిటికేశాడు. పిడికెడంత దెయ్యం వచ్చి ఆమె ఎడమ భుజం మీద కూర్చుంది. భయపడకండి, దానికింకా పళ్ళు కూడా రాలేదు.

నాంచారి దెయ్యాన్నీ వదల్లేదు. ఎంతసేపు కూర్చుంటావు? రేపు పొద్దు పొడిచేదాకా. దారిలో ఇంకో గుమ్మం దూరితే? ఒక భుజం మీద రెండు దెయ్యాలు పట్టవు, నేను దిగిపోతాను. నువ్వు కూర్చోకముందే పాడిన పాటో? నా చెవితో విననిది నా లెక్క కాదు. సొమ్మెప్పుడు? కొన్నవాళ్ళు పదిరోజుల్లో సరుకు తిరిగివ్వొచ్చు కనక, పదకొండో రోజున.

అంతా విని నాంచారి లేచింది. పది అడుగులేస్తే ఇంకో గుమ్మం. అక్కడ బెల్లం పానకం ఊరికే పోస్తున్నారు. గవరమ్మ కోడలి చెయ్యి పట్టి లాగింది. నాంచారి కదల్లేదు. గవరమ్మ తన వాటా, కోడలి వాటా, ఇంట్లో లేని మామగారి వాటా తాగొచ్చింది.

వాళ్ళు దివాణంలో అడుగుపెట్టేసరికి సింహాద్రి ఆవేశంలో తొంభై తొమ్మిది పాడేసి మీసం దువ్వుకుంటున్నాడు. పాడిన పాట వెనక్కి తీసుకోవడానికి లేదు. గవరమ్మ అక్కడే కూలబడింది. ఇక చేతిలో ఒక్క వరహా. కళాయికి నాలుగు తక్కువ. పైగా సింహాద్రి పెరటిదారిన వచ్చాడు, భుజం మీద దెయ్యం కాదు కదా, ఈగ కూడా లేదు.

వేలం గుమాస్తా ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. నాంచారి నోట్లో నూరు, పది, ఆరు, ఐదు తిరుగుతున్నాయి.

"నూరు," అంది.

గుమాస్తా కలం ఆపాడు. "అమ్మా, తొంభై తొమ్మిది పాడింది మీ ఆయనే."

"తెలుసండీ. నూరు."

దివాణమంతా గొల్లుమంది. సింహాద్రికి పౌరుషం వచ్చి చెయ్యి సగం ఎత్తాడు. నాంచారి చూసిన చూపుకి ఆ చెయ్యి అలాగే వెళ్ళి చెవి గోక్కుంది. గుండిగ నూరుకి ఆమెదైంది. బండికి డబ్బుల్లేవు కనక సింహాద్రే దాన్ని ఇంటిదాకా దొర్లించాడు. దారిపొడుగునా పిల్లలు వెంటపడ్డారు.

మొగుడి మీదే పాట పెంచిన పిచ్చిది అని ఊరు ఊరంతా చెప్పుకుంది. గరిటెపూడిలో అప్పటికి వేరే పనేమీ లేదు. ఏడో రోజుకి గవరమ్మ ధైర్యం కూడా జారింది. గుండిగ తిరిగిచ్చేద్దాం, పెళ్ళి పోతే పోయింది, నా కంటె అయినా విడిపించుకుందాం అని ఏడ్చింది. నాంచారి గుండిగలో నీళ్ళు పట్టి చూసింది, ఒక్క చుక్క కారలేదు. "అత్తా, ఇంకో నాలుగు రోజులు నన్ను తిట్టుకుంటూ ఉండు," అంది. గవరమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. నాంచారికి మాత్రం ఆ నాలుగు రాత్రులూ కంటి మీద కునుకు లేదు. దెయ్యం మరిచిపోతే ఇంటి గతేంటి?

పదకొండో రోజు పొద్దున్నే గుమ్మం దగ్గరికి వెళ్ళింది. పిడికెడు దెయ్యం కామయ్య చెవిలో, నూరన్నది నేను విన్నాను అంది. కామయ్య ఐదు వరహాలు లెక్కపెట్టి, నిలబడి మరీ ఇచ్చాడు. ఇన్నేళ్ళ నా వ్యాపారాన్ని నీ అంత బాగా తెలుసుకున్న మనిషి లేదమ్మా అన్నాడు.

ఒక్క వరహా ఎక్కువ పాడి ఐదు తెచ్చింది. కళాయి పడింది, గుండిగ వెన్నెల్లా మెరిసింది, ఎనిమిది వందల విస్తళ్ళూ లేచాయి. పులుసు కోసం మునసబుగారు రెండోసారి కూర్చున్నారు. గవరమ్మ ఎవరికీ ఇవ్వని పెద్ద గరిటె కోడలి చేతిలో పెట్టి, పంక్తి అంతా వినేలా అంది, "ఉప్పు నువ్వే చూడు నాంచారీ. ఇకనుంచి ఈ ఇంట్లో ఉప్పు చూసేది నువ్వే."

అంతేనర్రా. ఎంతొస్తుందని లోకమంతా అడుగుతుంది. దేన్లోంచి, ఎప్పుడు, దేనికి రాదు అని కూడా అడగండి. సిగ్గేం లేదు.

వాళ్ళు విస్తళ్ళు ఎత్తేశారు, కథ కంచి బండెక్కేసింది, మనం దుప్పట్లోకి.