ముప్పై ఒకటో మనిషి

రెండు రోజులుగా బుర్ర తినేస్తున్న చిక్కుముడి వైకుంఠరావుకు ఆ ఉదయం విడిపోయింది. ఆ సంతోషంలో కాఫీ కూడా తాగకుండా సైకిలెక్కి గురువుగారింటికి బయల్దేరాడు.

చిక్కు ఏమిటంటే, పలాసలో లోకనాథం గారికి జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉంది. పిక్కలు కొట్టడానికీ, పప్పు ఒలవడానికీ అందులో ముప్పై మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. వారం కిందట మేస్త్రి సరోజిని ఇంకొకామెను చేర్చుకుంది. పేరు రాజులమ్మ. దాంతో లెక్క ముప్పై ఒకటైంది. ఆ రోజుల్లో ఉన్న చట్టం ప్రకారం, ఫ్యాక్టరీలో ఆడవాళ్ల సంఖ్య ముప్పై దాటితే వాళ్ల చిన్నపిల్లలకు వేరే గది ఏర్పాటు చేయాలి. దానికి గాలీ వెలుతురూ రావాలి. పిల్లల్ని చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టాలి.

లోకనాథం గారు చెడ్డవారు కారు, కాస్త భయస్థులు. ఫ్యాక్టరీలో ఒకే ఒక్క గది అదనంగా ఉంది, దాని నిండా పప్పు డబ్బాలు పేర్చుకున్నారు. తనిఖీకి ఇన్‌స్పెక్టరు గారు ఆ నెలలోనే రావచ్చని తెలిసి కంగారుపడి, "మీరేది చెబితే అది చేస్తాను. ఇంతకీ నన్నేం చెయ్యమంటారు?" అని వైకుంఠరావును అడిగారు.

అడగవలసిన మనిషి నిజానికి వైకుంఠరావు కాదు, కూర్మారావు గారు. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లకు కార్మిక చట్టం అంటే ఆయనే. ఇరవై ఏళ్లు ఒక గోనెసంచుల మిల్లులో టైమ్ కీపరుగా పనిచేసి, ఆ తర్వాత యజమానులకు చట్టం చెప్పే పనిలో పడ్డారు. కాశీబుగ్గలో పెంకుటింటి వరండా, ఒక చెక్క కుర్చీ, ఒక ట్రంకు పెట్టె, అట్ట ఊడిపోయిన చట్టం పుస్తకం, ఇదీ ఆయన ఆఫీసు. పుస్తకంలో ఎక్కడ చూసినా చీటీ ముక్కలే. కానీ ఆయన దాన్ని తెరవగా చూసినవాళ్లు తక్కువ.

ఆయన పద్ధతులు ఆయనవి. ఏ ఫ్యాక్టరీకి వెళ్లినా యజమాని కారు వెళ్లే గేటులోంచి వెళ్లరు, కూలీలు వెళ్లే గేటులోంచి వెళ్తారు. వెళ్లగానే రిజిస్టరు అడగరు, మంచినీళ్లు అడుగుతారు. అదీ యజమాని గదిలో గాజు గ్లాసుతో తెచ్చిస్తే పుచ్చుకోరు. కూలీలు తాగే చోటికే నడిచి వెళ్లి, అదే గ్లాసుతో ముంచుకుని తాగుతారు. నీళ్లు బాగాలేకపోతే ఒక్క మాటా అనకుండా ఇంకో గ్లాసు ముంచి యజమాని చేతికిస్తారు. ఇది కళ్లారా చూసిన వాళ్లు చెప్పగా విన్నాను. ఆయన మళ్లీ వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీలో నీళ్లు బాగుపడేవట.

నీళ్ల దగ్గర 'తాగునీరు' అని బోర్డు ఉండాలని, అది ఎక్కువమంది కూలీలకు అర్థమయ్యే భాషలో ఉండాలని చట్టం. తెలుగులో రాయిస్తే సరిపోతుంది. కూర్మారావు గారు దాని కింద ఒడియాలో కూడా రాయించేవారు. "సరిహద్దు అవతల నుంచి వచ్చేవాళ్లు తక్కువమందే కదండీ" అని ఒకాయన అంటే, "తక్కువమందికి దాహం తక్కువేస్తుందా?" అని అడిగారట. అలాంటి మనిషి.

ఆయనకు ఈ మధ్య కళ్లు మసకేస్తున్నాయి. అందుకని మూడేళ్లుగా తన దగ్గర చట్టం నేర్చుకుంటున్న వైకుంఠరావును పిలిచి, "ఇకనుంచి సలహా నువ్వే చెప్పు. లోకనాథం గారితో మొదలుపెట్టు" అన్నారు. అలా ఈ ముప్పై ఒకటి లెక్క వైకుంఠరావు నెత్తిన పడింది.

వైకుంఠరావును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. విశాఖపట్నంలో లా చదివాడు. ఏ సెక్షన్ ఏం చెబుతుందో నిద్రలో లేపి అడిగినా తడుముకోడు. కష్టపడతాడు, అబద్ధమాడడు. తనకంత వచ్చునని తనకు తెలియడమొక్కటే అతనిలో ఉన్న ఇబ్బంది.

గురువుగారింటి వరండాలో నిలబడి, జేబులోంచి మడత కాగితం తీసి అందించాడు.

"గురువుగారూ, లోకనాథం గారి గది సంగతి తేలిపోయిందండి. గది అక్కర్లేదు."

"అక్కర్లేదా?"

"ముప్పై దాటితేనే కదండీ గది? దాటకుండా చూద్దాం. ఆఖర్న చేరిన ఆమెను ఆపేస్తే సరి. చేరి వారమే అయింది, పర్మినెంటు కాదు. ఆపడానికి ఏ అడ్డూ లేదు. ఆ ఉత్తరమే ఇది. మనం చట్టం తప్పట్లేదండి. గీత ఎక్కడుందో చూసుకుని ఇవతల నిలబడుతున్నాం, అంతే."

కూర్మారావు గారు కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివారు. వైకుంఠరావు ఆయన ముఖంలోకే చూస్తున్నాడు. మెచ్చుకుంటారని ఆశ. అంతకాలం శిష్యరికం చేసినవాడికి ఆ మాత్రం ఆశ ఉండకూడదా.

"ఎక్కడా తప్పు లేదు," అన్నారాయన.

"థాంక్సండి."

"కానీ ఇంగ్లీషులో ఉంది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చునా?"

"రాదనుకుంటానండి."

"ఎవరి పని పోతోందో వాళ్లకు అర్థం కావాలి కదా. తెలుగులో రాయి. ఇక్కడొద్దు, అక్కడికే వెళ్లి రాద్దాం. రాసి నువ్వే చదివి వినిపిద్దువుగాని."

చేతికర్ర తీసుకుని ఆయన లేచారు. వైకుంఠరావుకు కొంచెం నిరాశగానే ఉంది. అయినా తప్పు లేదన్నారు కదా అని సర్దుకుని, సైకిలు నడిపించుకుంటూ ఆయన పక్కనే నడిచాడు.

కూలీల గేటులోంచి వెళ్లారు. గురువుగారు మంచినీళ్లు తాగారు. బాగున్నాయి. బోర్డు రెండు భాషల్లోనూ ఉంది. ఆయన తలూపి షెడ్డులోకి దారితీశారు.

షెడ్డులో రెండు వరసలుగా ఆడవాళ్లు కూర్చుని పిక్కలు కొడుతున్నారు. చేతులకు బూడిద రాసుకున్నారు. జీడిపిక్క తొక్కలో రసం ఉంటుంది. అది ఒంటికి తగిలితే చర్మం కాలి పొక్కుతుంది. ఏళ్ల తరబడి చేస్తున్న వాళ్ల వేళ్లు చూస్తేనే తెలిసిపోతుంది. ఒక్కొక్కరి పక్కన తొక్కల కుప్ప ఒకటి పెరుగుతూ ఉంది.

రాజులమ్మ చివరి వరసలో కిటికీ పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్లుంటాయి. ఆమె వెనక గోనె మీద పది నెలల పాప ఉంది. చీరపేలిక ఒక కొస పాప నడుముకు, రెండో కొస కిటికీ ఊచకు కట్టి ఉంది. పాప తొక్కల వైపు పాకుతోంది. పేలిక బిగిసేదాకా వచ్చి ఆగిపోతోంది. చెయ్యి చాచి, అందక, మళ్లీ వెనక్కి వెళ్లి, మళ్లీ పాక్కుంటూ వస్తోంది. రెండు పిక్కలు కొట్టి ఒకసారి, మూడు కొట్టి ఒకసారి రాజులమ్మ వెనక్కి తిరిగి చూసుకుంటోంది.

వైకుంఠరావు ఆగిపోయాడు. రిజిస్టరులో రాజులమ్మ పేరుంది, వయసుంది, చేరిన తేదీ ఉంది. పాప సంగతి ఏ గడిలోనూ లేదు.

గురువుగారు పేలికను వేళ్లతో పట్టుకుని చూశారు.

"ఎంత పొడుగమ్మా ఇది?"

"రెండు మూరలు బాబూ. కొలిసే కట్టినాను. ఇంకో జానెడు వదిలితే తొక్కలు అందుకుంటాది."

"ఇంట్లో చూసుకునేవాళ్లు లేరా?"

"మాయత్త పోయింది బాబూ. ఈళ్ల నాన్న మద్రాసు ఎలిపోనాడు, తాపీ పనికి. ఉన్నది నాను, ఈ గుంట," అంది పాపను చూపిస్తూ.

అప్పుడు ఆమె కళ్లు వైకుంఠరావు చేతిలోని కాగితం మీద పడ్డాయి. చదవడం రాకపోయినా, పెద్దమనుషులు కాగితం పట్టుకుని తన దగ్గరే ఎందుకు ఆగారో పోల్చుకున్నట్టుంది. చేతిలో పిక్క అలాగే ఉండిపోయింది.

"పనిలోంచి తీసీకండి బాబూ. గుంట అడ్డం రాదు. కట్టీసినాను కదా."

వైకుంఠరావుకు ఏ సెక్షనూ గుర్తు రాలేదు.

కూర్మారావు గారు ఆమెకు ఏ హామీ ఇవ్వలేదు. "నీ పని నువ్వు చూసుకో తల్లీ" అని మాత్రం అన్నారు. కర్ర గోడకు ఆనించి, వంగి, మసక కళ్లతో తడుముకుంటూ ఆ ముడి విప్పారు. పాపను ఎత్తి వైకుంఠరావు చేతుల్లో పెట్టారు.

"అదిగో, గుమ్మం అవతల బల్ల ఉంది. కూర్చుని ఉత్తరం రాయి. నేను ఈలోగా షెడ్డు చూసొస్తాను. పాప జాగ్రత్త, కింద అంతా తొక్కలే."

వైకుంఠరావుకు పెళ్లి కాలేదు. అంతకుముందు పసిపిల్లల్ని ఎత్తుకున్న అనుభవమూ లేదు. పాపను ఎడమ చేత్తో పొట్టకు అదుముకుని, కుర్చీలో కూర్చుని, తెల్లకాగితం ముందు పెట్టుకుని 'రాజులమ్మకు' అని రాశాడు.

పాప పెన్ను పట్టుకుంది.

పెన్ను విడిపించుకుంటే కాగితం పట్టుకుంది. కాగితం దూరంగా జరిపితే అతని కళ్లజోడు పట్టుకుంది. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. దాంతో అతనికి అక్షరాలు కనిపించడం మానేశాయి. పాపను బల్ల మీద కూర్చోబెట్టాడు. అది సిరాబుడ్డి మీదికి పాకింది. కింద దింపాడు. కళ్లజోడు పెట్టుకుని తలెత్తేసరికి, పాప షెడ్డు గుమ్మం దాకా వెళ్లిపోయి తొక్కల కుప్ప మీదికి చెయ్యి చాస్తోంది. ఒక్క ఉరుకున వెళ్లి ఎత్తుకున్నాడు. పాప చేతులు రెండూ తిప్పి తిప్పి చూశాడు, సిరా తప్ప ఏమీ అంటలేదు. అయినా చొక్కా కొసతో తుడిచాడు.

అటుపక్కన పనిచేస్తున్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటున్నారు. రాజులమ్మ ఒక్కత్తే నవ్వలేదు. పాప పెద్దమనిషి చేతుల్లో ఉందని నమ్మకం కుదిరాక ఆమె వెనక్కి తిరగడం మానేసింది. ఇక తల వంచుకుని కొట్టడమే. ఒక్కో పిక్కకూ ఒక్కటే దెబ్బ, పప్పు ముక్క కాకుండా గుండుగా బయటికి వస్తోంది. మేస్త్రి సరోజిని ఆగి చూసింది.

"ఈ చెయ్యి ఇంత బాగుంటాదని నాకు తెలీదు బాబూ," అంది పక్కనే ఉన్న కూర్మారావు గారితో. "వారం నుంచీ తిన్నగా కొట్టిన పాపాన పోలేదు. ఎంతసేపూ ఎనక్కే సూపు."

ఆయన ముందుకు కదిలారు. ఆ వరసలో ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరు అడిగి, ఇంట్లో పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారని అడిగారు. తొమ్మిదేళ్ల అక్క దగ్గర ఉన్నారని ఒకామె చెప్పింది. గొళ్లెం పెట్టి వచ్చానని ఇంకొకామె చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె తలెత్తలేదు.

ఇవన్నీ బల్ల దగ్గరికి వినిపిస్తూనే ఉన్నాయి. వైకుంఠరావు పెన్ను కింద పెట్టాడు, మళ్లీ తీశాడు.

గంట గడిచింది. ఈలోగా కబురంది లోకనాథం గారు వచ్చారు. శిష్యుడి అవతారం చూసి నవ్వబోయి, కూర్మారావు గారు అటే వస్తుంటే మానుకున్నారు.

"రాశావా?" అని అడిగారు గురువుగారు.

వైకుంఠరావు లేచి నిలబడ్డాడు. చొక్కా తడిసి ఉంది. ఆ తడి పాప చలవే. కాగితం మీద 'రాజులమ్మకు' అన్న ఒక్క మాట ఉంది, దాని పక్కన సిరాతో పడ్డ చిన్న చేతి ముద్ర ఉంది.

"లేదండి," అన్నాడు ప్రాధేయపడుతున్నట్టు. "ఎవరైనా ఒక్క అరగంట పాపను చూసుకుంటే రాసేస్తానండి. చూసుకునేవాళ్లు లేకుండా పని ఎలా అవుతుందండి?"

"చట్టం అడిగిందీ అంతే కదా నాయనా," అన్నారు కూర్మారావు గారు.

షెడ్డులో పిక్కలు కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పాప వైకుంఠరావు భుజం మీద తల వాల్చి, చొక్కా కాలరు నోట్లో పెట్టుకుంది. అతను వదిలించుకోలేదు. కాగితం వైపు చూశాడు. దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు. చించలేదు. ఆ చిన్న చేతి ముద్ర ఉన్న కాగితం చాలా ఏళ్ల తర్వాత కూడా అతని చట్టం పుస్తకంలో ఉండేది. నేను చూశాను.

లోకనాథం గారికి ఏమీ బోధపడలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, గురువుగారినే అడిగారు.

"ఇంతకీ నన్నేం చెయ్యమంటారు?"

"నన్నడుగుతారేమిటి? ఆయన్ని అడగండి," అన్నారు కూర్మారావు గారు కర్ర అందుకుంటూ.

వైకుంఠరావు పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి చాచాడు.

"ఆ డబ్బాల గది తాళంచెవి ఇప్పించండి."