ఆరడం తెలిసిన తీగ

గోదావరి ఒడ్డున రేగులపాడు అనే ఊళ్లో సింగన్న అనే జీపు డ్రైవరు ఉండేవాడు. అతనికి ఏదైనా మొదలుపెట్టడమే తప్ప ఆపడం తెలిసేది కాదు.

చెడ్డవాడు కాదు. సంతకు వెళ్లే ముసలివాళ్లను చెయ్యి పట్టి జీపు ఎక్కించేవాడు. వాళ్ల బుట్టలు తనే అందుకుని పైన కట్టేవాడు. కానీ కబుర్లకు కూర్చుంటే పొద్దు వాలినా లేచేవాడు కాదు. నవ్వు మొదలుపెడితే ఎదుటివాడికి చిరాకు పుట్టేదాకా నవ్వేవాడు. అన్నానికి కూర్చుంటే గరిటెకు కుండ అడుగు తగలాల్సిందే. "మా ఆయన్ని కదిలించడానికి ఒక మనిషి చాలు, ఆపడానికి నలుగురు కావాలి" అని అతని భార్య నూకరత్నం అందరిలోనూ అనేది. సింగన్న అదేదో మెప్పు అన్నట్టు మీసం దువ్వుకునేవాడు.

జీపులో పాటల పెట్టె లేదన్నదొక్కటే అతనికి వెలితి. ఒకసారి రాజమండ్రి వెళ్లి ఒక పెట్టె కొన్నాడు. బళ్లకు కరెంటు పని చేసే వలీ దగ్గర బిగించుకుందామని వెళితే, అప్పటికే అక్కడ నాలుగైదు బళ్లు వరసలో ఉన్నాయి. ఆగడం సింగన్న వల్ల అయ్యే పని కాదు.

"నేనే బిగించుకుంటాను వలీ భాయ్. ఏ తీగ ఎక్కడ కలపాలో చెప్పు చాలు" అన్నాడు.

వలీ ఒక చిన్న బల్బుకు రెండు తీగలు కట్టి అతని చేతిలో పెట్టాడు.

"నీ పెట్టెకు నల్ల తీగ, పసుపు తీగ, ఎర్ర తీగ ఉంటాయి. నల్లది బండి ఇనుముకు కలుపు. పసుపుది బ్యాటరీకి కలుపు. తిప్పలన్నీ ఎర్రదానితోనే. దానికి తాళం మాట వినే తీగ కావాలి. ఈ బల్బు ఒక కొస ఇనుముకు తగిలించి, రెండో కొస డాష్‌బోర్డు కింద తీగలకు ఒక్కొక్కదానికీ ఆనించి చూడు. తాళం తిప్పితే బల్బు వెలగాలి. వెనక్కి తిప్పితే ఆరాలి."

"వెలగాలి. అంతేగా."

"వెలిగేవి చాలా ఉంటాయి సింగన్నా. ఆరేది వెతుక్కో" అన్నాడు వలీ.

ఇంటికి రాగానే సింగన్న నల్ల తీగను, పసుపు తీగను వలీ చెప్పినట్టే కలిపాడు. తర్వాత తాళం తిప్పి ఉంచి, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని బల్బు ఆనించాడు. మొదటి తీగకే వెలిగింది. తాళం వెనక్కి తిప్పి చూడమన్న మాట గుర్తుకు రాకపోలేదు. కానీ అందుకు లేవాలి. వెలిగింది కదా, ఇంకేం చూసేది అనుకుని ఎర్ర తీగను దానికే మెలిపెట్టి టేపు చుట్టేశాడు. పెట్టె మీద నీలం దీపం వెలిగింది. పాట మొదలైంది. అతను తాళం తీసి జేబులో వేసుకున్నాడు. పాట ఆగలేదు.

సింగన్న దాన్ని తప్పనుకోలేదు, వరమనుకున్నాడు. ఇరుగుపొరుగును పిలిచి చూపించాడు.

"చూడండి, తాళం నా జేబులో ఉంది, పాట బండిలో ఉంది" అన్నాడు.

ఆ రోజుల్లో అతని అత్త అచ్చియ్యమ్మ కూతురింట్లోనే ఉండేది. పశువుల పాకలో జారిపడి కాలు విరిగితే ఆవిడకు తొడ దాకా పిండికట్టు వేశారు. ఆవిడ సింగన్నకు సొంత మేనమామ భార్య. చిన్నప్పుడు ముక్కు తుడిచిన చేత్తోనే పిల్లనిచ్చింది కాబట్టి అల్లుడని మాట మెత్తబరిచేది కాదు.

"తాళం తీసినా పాడుతోందేంరా?" అంది మంచం మీద నుంచి.

"అదే దాని గొప్ప అత్తా."

"పొయ్యి కూడా రాత్రికి ఆరుతుంది. పసిబిడ్డయినా ఏడ్చి ఏడ్చి ఆగుతుంది. ఇదేంటి, అచ్చం నీలాగే పుట్టింది?"

"నీకు పాట రుచి తెలియదులే."

"నా బెంగ పాట గురించి కాదు నాయనా. ఇంతలా పాడేది ఎక్కడో తింటూనే ఉంటుంది కదా. ఎవరి కూడు తింటోందో చూసుకో" అంది అచ్చియ్యమ్మ.

సింగన్న నవ్వాడు. అలవాటు చొప్పున చాలాసేపు నవ్వాడు.

శ్రావణంలో ముసురు పట్టింది. సంతలు ఆగిపోయాయి. జీపు ఇంటి ముందు కదలకుండా నిలబడింది. పాటలు మాత్రం నిలబడలేదు. సింగన్న పొద్దస్తమానం జీపులో కాళ్లు బారజాపుకుని వినేవాడు. అన్నానికి లేచినప్పుడు మీట నొక్కితే పాట ఆగేది కానీ, పెట్టె మీద నీలం దీపం ఆరేది కాదు. ఆవగింజంత దీపం. దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

అప్పుడు గోదావరి వచ్చింది.

వరద చూడనివాళ్లు అది పెద్ద చప్పుడుతో మీద పడుతుందనుకుంటారు. కాదు. గోదావరి అడుగుల చప్పుడు కూడా లేకుండా వస్తుంది. నిన్న చూసిన రాయి ఇవాళ కనబడదు. పొద్దున మేకను కట్టిన గుంజ మధ్యాహ్నానికి నీళ్ల మధ్య ఉంటుంది. ఆ ఉదయం రేగులపాడు జనం ఒడ్డున నిలబడి చూశారు. అవతలి ఒడ్డు లేదు. ఆకాశం దాకా ఎర్రటి నీళ్లు. వేళ్లతో సహా పెకిలించుకొచ్చిన మహావృక్షాలు గడ్డిపరకల్లా తేలిపోతున్నాయి. ఒక కొమ్మ మీద చీమలూ పామూ ఒకచోటే కూర్చుని, ఒకదాన్నొకటి ముట్టకుండా పోతున్నాయి. ముసలివాళ్లు చేతులు జోడించారు.

భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేశారని కబురు వచ్చింది. ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని, పశువులను తోలుకుంటూ కొండ మీది బడికి బయలుదేరింది. దారిలో వాగు మీద రాళ్లతో ఎత్తు తక్కువగా కట్టిన చప్టా ఉంది. గోదావరి నీళ్లు వాగులోకి ఎదురెక్కితే ఆ చప్టా మునుగుతుంది. ఇక దారి ఉండదు.

"అచ్చియ్యమ్మను మొయ్యాలేమో" అన్నారు ఎవరో.

"సింగన్న జీపు ఉందిగా" అన్నారు మిగతావాళ్లు. ఆ మాట మీద ధైర్యంతో అందరూ ముందుకు సాగిపోయారు.

సింగన్న, నూకరత్నం కలిసి అచ్చియ్యమ్మను వెనక సీటు మీద పడుకోబెట్టారు. సింగన్న తాళం తిప్పాడు. ఇంజను లోపల టిక్కుమంది, అంతే. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ చప్పుడూ రాలేదు.

అతను తలెత్తి చూశాడు. పెట్టె మీద నీలం దీపం వెలుగుతూనే ఉంది.

అప్పుడు సింగన్నకు అర్థమైంది. పదిమందినీ వాళ్ల బస్తాలనూ కొండెక్కించే బండిని లేపే బలాన్ని, ఆవగింజంత దీపం కూర్చున్నచోటే కూర్చుని తాగేసింది. ఇంజను తిప్పడానికి లేని శక్తి తాను వెలగడానికి మాత్రం మిగుల్చుకుంది. బయట గోదావరి బొట్టు బొట్టుగా పెరిగింది. లోపల దీపం బొట్టు బొట్టుగా మింగింది. రెండూ చప్పుడు చెయ్యలేదు. రెండింటినీ తాను పాటల మధ్య గమనించలేదు.

అచ్చియ్యమ్మను సీటు మీదే ఉంచి మొగుడూ పెళ్లాం జీపును నెట్టారు. దారి ఎగువకు ఉంది. చక్రాలు బురదలో దిగబడ్డాయి. నీళ్లు వచ్చి వెనక చక్రాలను తాకాయి.

"నన్ను దింపరా" అంది అచ్చియ్యమ్మ. "బండిని నెట్టే బలముంటే నన్ను మొయ్యి."

సింగన్న అత్తను వీపున ఎక్కించుకున్నాడు. కట్టు వేసిన కాలు వంగదు కాబట్టి నూకరత్నం దాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కనే నడిచింది. చప్టా చేరేసరికి దాని మీద నీళ్లు మోకాలు దాటుతున్నాయి.

సింగన్నకు భయం వేసింది. భయం వేస్తే అతనికి మాటలు ఇంకా ఎక్కువయ్యేవి. "ఏం కాదత్తా, ఇలాంటి నీళ్లు ఎన్ని చూశాను, ఆ మధ్య ఒకసారి..." అంటూ మొదలుపెట్టాడు.

"నోరు మూసుకుని కాలి కింద చూసుకో" అంది అచ్చియ్యమ్మ చెవి పక్కనే.

అతను ఆగాడు. బతుకులో మొదటిసారి, ఎవరో ఆపమంటే ఆగాడు. ఆ ఆగడంలో అతనికి అన్నీ వినిపించాయి. చప్టా అంచు రాళ్లకు నీళ్లు ఒరుసుకునే చప్పుడు ఎటుందో తెలిసింది. దాన్నిబట్టి అంచు ఎక్కడుందో తెలిసింది. ఒక పాదం ఆనించి, కింద రాయి గట్టిదని తేలాకే రెండోది ఎత్తాడు. నీళ్లు నడుము దాకా వచ్చాయి. నూకరత్నం ఊపిరి వినిపిస్తోంది. అత్త గుండె అతని వీపు మీద కొట్టుకుంటోంది. అలా అవతలికి చేరారు.

మిట్ట ఎక్కి వెనక్కి చూశారు. మబ్బుకు పగలే మసకగా ఉంది. జీపు అద్దం వెనక నీలం చుక్క ఇంకా కనబడుతోంది. ఎర్రటి నీళ్లు బానెట్టు మీదికి వచ్చాయి, అద్దం మీదికి వచ్చాయి. చుక్క మాయమైంది.

"ఇప్పటికి ఆరింది" అంది అచ్చియ్యమ్మ.



వరద తీశాక జీపును ఒండ్రులోంచి తవ్వి తీశారు. పట్నంలో ఇంజను విప్పి కడిగించడానికి చాలా రోజులు పట్టింది. అన్నాళ్లూ సింగన్న సంతకు కాలినడకన, ఇతరుల బుట్టలు మోస్తూ వెళ్లాడు. చలికాలం వచ్చాక, ప్రయాణికులు అడగ్గా అడగ్గా, ఇంకో పాటల పెట్టె తెచ్చాడు. వలీ ఇచ్చిన బల్బు తీసుకుని మళ్లీ డాష్‌బోర్డు కింద దూరాడు.

మొదటి తీగకు బల్బు వెలిగింది. లేచి తాళం వెనక్కి తిప్పాడు. అయినా వెలుగుతూనే ఉంది. వదిలేశాడు. ఇంకొకటి వెలగనే లేదు. ఇంకొకటి చూశాడు, మరొకటి చూశాడు. ప్రతిదానికీ లేచాడు, ప్రతిదానికీ పడుకున్నాడు. చొక్కా చెమటకు తడిసింది. చివరికి ఒక సన్నటి తీగ దొరికింది. తాళం తిప్పితే వెలిగింది. వెనక్కి తిప్పగానే ఆరింది. మళ్లీ తిప్పాడు, వెలిగింది. వెనక్కి తిప్పాడు, ఆరింది. పిలిస్తే పలికి, చాలంటే తప్పుకునే మంచిమనిషిని చూసినట్టు సింగన్న ఆ తీగను కళ్లార్పకుండా చూశాడు. ఇంత వినయం ఆ చీకట్లో, ఆ దుమ్ములో, మొదటి నుంచీ ఉంది. తాను వెతకలేదు, అంతే.

కర్ర పట్టుకుని నడుస్తున్న అచ్చియ్యమ్మ వచ్చి జీపు పక్కన నిలబడింది.

"ఏంట్రా, వెలిగించుకుంటూ ఆడుకుంటున్నావా?"

"వెలగడం చూడట్లేదత్తా. ఆరడం చూస్తున్నాను."

"చూసింది చాలు. అన్నానికి రా."

సింగన్న వెంటనే తాళం తీసి జేబులో వేసుకుని లేచాడు.

నీతి: ఆగవలసిన చోట ఆగగలిగినదే అవసరానికి ఆదుకుంటుంది, ఆపు ఎరుగనిది, వస్తువైనా మనిషైనా, ఆపదలో అక్కరకు రాదు.