బస్తాని తొక్కని నూకరత్నం

అనగనగా ఒక ఊళ్ళో రాజు లేడు, మంత్రి లేడు, ఆఖరికి రాక్షసుడు కూడా లేడు. ఒక రైసుమిల్లు ఉంది. ఒక హైస్కూలు ఉంది. ఆ హైస్కూల్లో ఎవరికీ సరిగ్గా రాని ఒక ఆట ఉంది. ఆట పేరు బేస్‌బాల్. ఊరి పేరు కొత్తగరువు. అంటే మా ఊరే.

దుప్పటి సరిగ్గా కప్పుకో, లౌక్యా. రేపు బడిలో మొదటిసారి ఖోఖో ఆడాలి, భయంతో నిద్ర రావడం లేదన్నావుగా. అందుకే ఈ కథ. ఊఁ కొడుతూ ఉండు. నువ్వు ఊఁ కొట్టకపోతే నేనే ముందు నిద్రపోతాను. ఆ సంగతి నీకు తెలుసు.

ఆ ఆటని మా ఊరికి తెచ్చింది డ్రిల్లు మాస్టారు పైడయ్యగారు. పట్నంలో పది రోజులు నేర్చుకుని వచ్చారు. వచ్చీ రాగానే తొమ్మిది మంది ఆడపిల్లల్ని పోగుచేశారు. "బంతిని కొట్టే చోటే మీ ఇల్లు. కొట్టి ఇంట్లోంచి బయల్దేరాలి. దారిలో మూడు మజిలీలుంటాయి. మూడూ తాకుతూ మళ్ళీ ఇంటికి రావాలి. మీకంటే ముందు బంతి మొదటి మజిలీ చేరిందా, అవుట్. ఆ తర్వాత మజిలీ వదిలేసి ఉన్నప్పుడు బంతి పట్టుకుని మిమ్మల్ని ముట్టుకుంటేనే అవుట్. ఇల్లు చేరినవాళ్ళకి ఒక పరుగు" అన్నారు.

ఆ తొమ్మిది మందిలో నేనూ ఉన్నాను. అలా చూస్తావేంటే? మీ అమ్మమ్మకి కూడా ఒకప్పుడు నడుము ఉండేది.

నా మొదటి ఆట సంగతి నేనే చెప్పేస్తాను. ఇంకెవరో చెబితే నామర్దా. బంతి వచ్చింది. కళ్ళు మూసుకుని కొట్టాను. తగిలింది! ఆ సంతోషంలో బ్యాటు కూడా పట్టుకుని పరుగెత్తాను. సగం దారిలో గుర్తొచ్చింది. బడి సామాను కదా, పారేస్తే మాస్టారు ఊరుకుంటారా? వెనక్కి వెళ్ళి బ్యాటుని గోడకి జాగ్రత్తగా ఆనించి వచ్చాను. అప్పటికి బంతి మజిలీలో కూర్చుని నాకోసం ఎదురుచూస్తోంది. ఆ రోజునుంచి మాస్టారు నన్ను మైదానం కుడిమూలకి పంపేశారు. అక్కడికి బంతులు రావు. మేకలు వస్తాయి.

సరే, నా గోల వదిలెయ్. ఒకరోజు మా జట్టులో తొమ్మిదో పిల్ల వాళ్ళ నాన్నగారికి బదిలీ అయింది. సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ పిల్లకని కుట్టించిన నీలం చొక్కా మాత్రం మిగిలిపోయింది. వీపు మీద తెల్లగుడ్డతో తొమ్మిది అంకె. ఇంకా మడతైనా విప్పలేదు.

అప్పుడు మాస్టారు నూకరత్నాన్ని పిలిచారు. మేము నూకాలు అనేవాళ్ళం. వాళ్ళ నాన్న రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. నూకాలుకి ముగ్గురు అక్కలు. ఒక గౌను పెద్దక్క వేసుకుని, రెండో అక్క వేసుకుని, మూడో అక్క వేసుకుని, ఆ తర్వాత నూకాలుకి వచ్చేది. అది మొదట ఏ రంగుదో తెలియాలంటే పెద్దక్కని అడగాలి. పుట్టి పద్నాలుగేళ్ళయినా ఆ పిల్ల ఎవరూ వేసుకోని బట్ట వేసుకోలేదు.

మాస్టారు చొక్కా చేతికిచ్చి అన్నారు. "శనివారం పక్క ఊరి జట్టు వస్తోంది. ఆ ఒక్క ఆట చూస్తాను. పనికొస్తే చొక్కా నీదే. లేదంటే మడతపెట్టి ఇచ్చెయ్, ఇంకో పిల్లని చూసుకుంటాను."

నూకాలు చొక్కాని ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది.

"కొత్త వాసన వస్తందే" అంది నాతో.

ఆ తర్వాత నాలుగు రోజులు సాధన. వడ్లు దంచిన చేతులు కదా, బంతికి బ్యాటు తగిలితే మిల్లు దాకా వినిపించేది. పరుగులో జింక. సున్నంతో గీసిన గళ్ళే మాకు మజిలీలు. నూకాలు వాటిమీదుగా చకచకా పరుగెత్తేది. మాస్టారు మీసం తిప్పారు.

శనివారం వచ్చింది. బయటి ఊరి వాళ్ళ ముందు సున్నం గళ్ళేం బాగుంటాయని మాస్టారికి అనిపించింది. మిల్లునుంచి నాలుగు ఖాళీ బియ్యం బస్తాలు తెప్పించారు. మూడింటిలో కొంచెం ఊక పోసి కుట్టించి మజిలీల్లో పెట్టారు. నాలుగోదాన్ని మడిచి, మేకులు కొట్టి, ఇల్లు అన్నారు. చూడ్డానికి ఎంత బాగున్నాయో! ఆ బాగే కొంప ముంచింది.

నూకాలు మొదటిసారి కొట్టింది. బంతి దూసుకుపోయింది. నూకాలు అంతకంటే ముందు దూసుకుపోయింది. తీరా బస్తా దగ్గరికి వెళ్ళి టక్కున ఆగిపోయింది. ఆగి, బస్తా పక్కనుంచి ఒద్దికగా తప్పుకుని వెళ్ళింది. ఈలోగా బంతి వచ్చి పడింది. అవుట్!

"ఏమైందే నీకు? బస్తాని తొక్కాలి కదా!" అని మాస్టారు అరిచారు.

"బియ్యం బస్తాని తొక్కకూడదండి. మా అమ్మ చంపేస్తదండి."

"అందులో ఉన్నది ఊకే!"

"ఊకైనా, బస్తా బియ్యానిదే కదండీ."

పక్క ఊరి పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. వాళ్ళలో కాశీమణి అని ఒక పిల్ల. ఇంటి దగ్గర నిలబడి బంతి అందుకునేది తనే. తలుపంత మనిషి. "మీరు బంతి ఆడ్డానికొచ్చారా, దణ్ణాలు పెట్టడానికొచ్చారా?" అంది.

నూకాలు చొక్కా అంచు పట్టుకుని నిలబడింది. చెమట పడితే మరక అవుతుందని ఆ రోజంతా ముఖం కూడా చొక్కాతో తుడుచుకోలేదు.

రెండోసారి వచ్చింది. మళ్ళీ కొట్టింది. ఈసారి కళ్ళు గట్టిగా మూసుకుని మొదటి బస్తాని తొక్కింది. తొక్కి అక్కడే, ముల్లు మీద నిలబడ్డట్టు నిలబడింది. ఆ తర్వాత ఇంకో పిల్ల బంతిని కొట్టింది. నూకాలు రెండో బస్తాకి పరుగెత్తింది. దాన్నీ తొక్కింది. రెండడుగులు ముందుకెళ్ళిపోయి, ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగింది. వంగి చేత్తో బస్తాని తాకింది. ఆ చెయ్యి ఎత్తి కళ్ళకద్దుకుంది.

ఆ అద్దుకునేటప్పుడే పక్క ఊరి పిల్ల బంతితో వచ్చి వీపు మీద తట్టింది. అవుట్!

మాస్టారు నెత్తిమీద చెయ్యి పెట్టుకుని కూలబడ్డారు. అంపైరుగారు పెద్దాయన, మంచాయన. నూకాలు దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పారు. "చూడమ్మా, నీ చెయ్యి బస్తా మీద ఉన్నంతసేపూ నువ్వు అవుట్ కాదు. ఎత్తావు, అప్పుడు అయిపోయింది."

నూకాలు ఆయనవైపు చూసింది. "అంటే... కాలు పెట్టక్కర్లేదా అండీ? చెయ్యి చాలా అండీ?"

"ఏది తాకినా తాకినట్టేనమ్మా."

ఆ మాట పట్నంలో మాస్టారికి చెప్పలేదో, చెప్పిన రోజు మాస్టారు సినిమాకి వెళ్ళారో నాకు తెలీదు. అడగలేదు. బ్యాటు మోసినదాన్ని, నాకేం అడిగే మొహం ఉంది?

ఆట చివరికి వచ్చింది. వాళ్ళకీ నాలుగు పరుగులే, మాకూ నాలుగే. కొట్టాల్సింది నూకాలు. ఇంకొక్కరు ఇల్లు చేరితే మేము గెలిచినట్టు. నూకాలు వల్ల కాకపోతే ఆ తర్వాత కొట్టాల్సింది ఎవరో తెలుసా? నేను. అందుకని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. దేవుళ్ళు చాలక పక్క ఊరి గ్రామదేవతకి కూడా మొక్కాను.

మూడోసారి బంతి వచ్చింది. నూకాలు కొట్టింది. బంతి లేచింది, మేకల్ని దాటింది, వెళ్ళి కంచెలో పడింది.

అప్పుడు చూడాలి ఆ పరుగు! మొదటి బస్తా దగ్గర వంగి చెయ్యి తాకించింది. లేచి పరుగు. రెండో బస్తా దగ్గర వంగింది, తాకింది, పరుగు. మూడో బస్తా దగ్గరా అంతే. వరినాట్లు వేసుకుంటూ పరుగెత్తుతున్నట్టుంది. ఒక్క బస్తా మీద కూడా కాలు పడలేదు.

ఈలోగా వాళ్ళు కంచెలోంచి బంతి తీశారు. ఒకరినుంచి ఒకరికి విసిరారు. ఇంటి ముందు కాశీమణి తలుపులా నిలబడింది. బంతి వచ్చి ఆమె చేతుల్లో పడింది. నూకాలు ఇంకా రెండు బారల దూరంలో ఉంది.

నేను కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ ఒకటి తెరిచాను.

పరుగెత్తుకొచ్చే మనిషి గుండె ఎక్కడుంటుందో కాశీమణి అక్కడికి బంతి చాచింది. కానీ అక్కడ నూకాలు లేదు. కాలు పెట్టకూడదు కదా మరి! చెయ్యి ముందుకు చాచి బొక్కబోర్లా దూకేసింది. కాశీమణి చేతులు గాలిని ముట్టుకున్నాయి. మైదానమంతా దుమ్ము.

దుమ్ము తగ్గింది. మేకులు కొట్టిన బస్తా మీద అయిదు వేళ్ళు. అవుట్ కాదన్నట్టు అంపైరుగారు రెండు చేతులూ బార్లా చాపారు. గెలిచాం!

మేమంతా అరుచుకుంటూ పరుగెత్తాం. నూకాలు మాత్రం లేవలేదు. బస్తా మీద చెయ్యి తియ్యలేదు.

"లేవమ్మా, అయిపోయింది" అన్నారు అంపైరుగారు.

నూకాలు తల ఎత్తింది. ముక్కు నిండా మట్టి. "నిజంగా అయిపోయిందా అండీ? ఇప్పుడు కళ్ళకద్దుకోవచ్చా అండీ?"

ఆ పెద్దాయన నవ్వలేదు. "అద్దుకో తల్లీ" అన్నారు.

అద్దుకుంది. లేచి నిలబడింది. అప్పుడు కిందికి చూసుకుంది. చొక్కా మెడ దగ్గర్నుంచి బొడ్డు దాకా చిరిగిపోయి ఉంది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. రెండు చేతులతో చిరుగు దగ్గరికి లాక్కుంటూ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"మాస్టారూ, కుట్టించి, ఉతికి, మడతపెట్టి ఇచ్చేస్తానండి..."

మాస్టారు చొక్కా వైపు చూశారు. "చిరుగు చొక్కా నాకెందుకే? ఉంచుకో. సోమవారం సాధనకి వేసుకురా."

ఆ చిరుగు కుట్టింది నేనే. కుట్టు వంకర టింకరగా వచ్చింది. ఆటలో ఎలాంటిదాన్నో సూదితోనూ అలాంటిదాన్నే. నూకాలు ఏమీ అనుకోలేదు. చేతులు పట్టనంత బిగుతయ్యేవరకూ అదే వేసుకుంది. నూకాలుకి చెల్లెళ్ళు లేరు. అందుకని ఆ చొక్కాని ఎవరికీ ఇవ్వక్కర్లేకపోయింది.

ఊఁ అనడం మానేశావేంటే? సరే, కళ్ళు మూతలు పడుతున్నాయి. రేపు ఖోఖోలో నువ్వేం చేసినా, మీ అమ్మమ్మ బ్యాటు మోసినదానికంటే నయమే. పడుకో.

బంతి వెళ్ళె కంచెకి,
చిరుగు చొక్కా ఒంటికి,
తాకిన చెయ్యి కంటికి,
కథ నడిచె కంచికి,
నూకాలూ, నువ్వూ, నేనూ ఇంటికి.