మకరందుడి మూడో దీపం

అనగనగా వంద వరహాలు. వాటిని ఇచ్చినవాడు ఒక రాజు. తన కొడుకులు ముగ్గురికీ తలా వంద ఇచ్చి, "పోయి పెళ్ళికూతుళ్ళను మీరే వెతుక్కోండి నాయనా" అని సాగనంపాడు. పెద్దవాడికి మొదటి సముద్రంలోనే కడుపులో తిప్పడంతో ఇంటిదారి పట్టాడు. నడిపివాడు మకరందుడు, చిన్నవాడు కువలయుడు చెరో పడవలో ఏడు సముద్రాలూ దాటారు.

మకరందుడికి లెక్కలు వేళ్ళ మీద ఉండేవి. ఒక రేవులో మిరియాలు కొని ఇంకో రేవులో అమ్మి, వందను మూడొందలు చేశాడు. కువలయుడు చేపలకు అటుకులు, హంసలకు పేలాలు పెట్టి పెట్టి ఉన్న వందా ఖర్చు చేసేశాడు. అయినా చేపలు వాడి పడవనే తోశాయి. గాలి వాడి తెరచాపనే నింపింది. రేవులో పూటకూళ్ళమ్మ కూడా గట్టిపెరుగు వాడికే వేసింది. ఇవన్నీ చూసి మకరందుడు లోలోపల ఉడికిపోయాడు.

చివరికి శ్యామదేశం చేరారు. అక్కడి రాజకుమారి చంపకను ధూమ్రాక్షుడనే మాంత్రికుడు మబ్బుమేడలో బంధించి ఉంచాడు. ఒక హంస కువలయుడి చెవిలో రహస్యం చెప్పింది. "వాడి ప్రాణం మేడ మీది చిలకలో ఉంది. పంజరం తలుపు మైనంతో మూశాడు. మైనం కరిగి చిలక ఎగిరిందా, వాడు బూడిదే."

కువలయుడు పరుగున వచ్చి అన్నకు చెప్పేశాడు.

"ఇంత మాట ఊరికే చెప్పేస్తున్నావేంరా?"

"నీకు కాక ఇంకెవరికి చెప్పను అన్నయ్యా?"

ఆ మంచితనానికి మకరందుడికి ఇంకా మండింది.

ఆ రోజు కార్తీక పున్నమి. మనం ఆకాశదీపాన్ని స్తంభానికి కట్టి నిలుపుతాం. ఆ దేశంలో కాగితపు దీపాలు చేసి, మనసులోని బరువొకటి వాటికి చెప్పి, ఆకాశంలోకి వదిలేస్తారు. దీపం మేడను తాకితే మైనం కరుగుతుందని లెక్క వేసి, తమ్ముడికి ఒక్కటైనా దక్కకూడదని, అంగట్లో మిగిలిన మూడు దీపాలూ మకరందుడే కొనేశాడు.

పొద్దు గూకింది. మొదటి దీపం వెలిగించి గబుక్కున వదిలాడు. అది నేల మీద పడి కాలిపోయింది. రెండోదాన్ని వదలకుండా ఒక్కడే పట్టుకున్నాడు. అది ఒక పక్కకు ఒరిగి అంటుకుంది.

దీపాలమ్మే అవ్వ నవ్వింది. "రెండు చేతులు చాలవు నాయనా, నాలుగు కావాలి. నువ్వో పక్క, నీ మనిషో పక్క. అది లాగేదాకా పట్టుకోవాలి. లాగాక వదలాలి."

మకరందుడు చుట్టూ చూశాడు. సంచిలో వరహాలున్నాయి, తన మనిషంటూ లేడు. దూరంగా కువలయుడు ఖాళీ చేతులతో నిలబడి, ఎగిరిపోయే దీపాలను పసివాడిలా చూస్తున్నాడు. వాణ్ణి పిలిస్తే చంపక వాణ్ణే వరిస్తుంది. పిలవకపోతే ఆమె మబ్బుల్లోనే ఉండిపోతుంది. ఈ లెక్క ఎటు కూడినా కడుపుమంటే మిగిలింది.

"ఒరేయ్ చిన్నా," అన్నాడు చివరికి, "ఆ పక్క పట్టుకో."

కాగితం పొంగింది, వెచ్చబడింది, అయినా కదల్లేదు.

"బరువు చెప్పు నాయనా" అంది అవ్వ.

మకరందుడు తల దించుకున్నాడు. "వీడి మీద కుళ్ళు" అన్నాడు.

దీపం లాగింది. ఇద్దరూ ఒకేసారి వదిలారు.

"తెలుసులే అన్నయ్యా," అన్నాడు కువలయుడు. "రెండో సముద్రం నుంచీ తెలుసు."

దీపం పైకి, పైపైకి పోయి మబ్బుమేడను తాకింది. మైనం కరిగింది, చిలక ఎగిరింది, మాంత్రికుడు బూడిదయ్యాడు. మేడ మెల్లగా దిగి ఇసుక మీద వాలింది. చంపక మల్లెమాలతో బయటికొచ్చి, ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"దీపంతో పాటు ఒక మాట కూడా నా కిటికీ దాకా వచ్చింది. మీలో కుళ్ళుబోతు ఎవరు?"

మకరందుడు తమ్ముడి వైపు వేలు చూపితే సరిపోయేది.

"నేనే" అన్నాడు.

"దీపం కూడా మా అన్నదే వదినా" అన్నాడు కువలయుడు.

"అప్పుడే వదిననైపోయానా?" ఆమె నవ్వింది. "ప్రాణాన్ని కూడా దాచుకున్నవాడితో ఇన్నాళ్ళు వేగాను. లోపలున్నది చెప్పేవాడు చాలు నాకు."

చంపకా మకరందుడూ శ్యామదేశాన్ని నిండు నూరేళ్ళు చల్లగా ఏలారనీ, పక్క రాజ్యపు రాకుమారి కువలయుణ్ణి కట్టుకుందనీ చెబుతారు. ఆ సాయంత్రం మాత్రం చంపక ఇంకా మాల ఎత్తి పట్టుకునే ఉంది. మకరందుడు తలపాగా తీసి తమ్ముడి చేతికిచ్చి, మెడ వంచడానికి ఒక అడుగు ముందుకు వేయబోయాడు.