ఆదిదారువు తెల్లటోపీ

పిల్లలూ, ఈ భూమ్మీద పువ్వనేదే పూయని రోజుల్లో కూడా చెట్లుండేవంటే నమ్ముతారా? నమ్మాలి మరి. వినండి.

అనగనగనగా, మన ముత్తాతల ముత్తాతలకీ అందనంత వెనక, మంచుకోన అనే కొండరాజ్యం. అక్కడో లోయలో, ఆ పువ్వుల్లేని కాలంనాటి ఆదిదారువు ఉండేది. దేవదారుకి ముత్తవ్వ వరస. సూదుల్లాంటి ఆకులు, చెక్కతో మలిచినట్టుండే కాయలు. దాని కింద నిలబడితే రాజుకైనా గొంతు తగ్గేది. అలాంటి చెట్టు లోకంలో అదొక్కటే.

ఒక చలికాలం, పెనుగాలికి అది కూలిపోయింది. దాని కాయల్లోంచి మూడే మూడు మొలకలు లేచాయి.

రాజు వాటిని ముగ్గురికిచ్చాడు. ఆస్థాన తోటమాలికి ఒకటి, ఎరువుల వర్తకుడికి ఒకటి, ఆ లోయలో కట్టెలేరుకునే నాంచారికి ఒకటి. "ఇవి పోతే ఈ జాతే పోయినట్టు," అన్నాడు.

మొక్కలు జానెడు పెరిగేసరికి మళ్ళీ చలి దిగింది. ప్రతి కొమ్మ చివరా తెల్లగా, మైనంలా ఏదో గడ్డకట్టింది.

"తెగులు," అని తోటమాలి కత్తితో గీకేశాడు. మర్నాటి మంచుకి చిగురు మాడి, మొక్క పోయింది.

"బలం చాల్లేదు," అని వర్తకుడు గంపలకొద్దీ ఎరువు పోశాడు. వేరు కుళ్ళి, ఆ మొక్కా పోయింది.

ఇక మిగిలింది ఒక్కటే. అది నాంచారిది. తనూ కత్తి తీసింది. గీకబోయి ఆగింది. 'దీని తల్లి అన్ని చలికాలాలు ఎలా దాటిందో!' అనుకుని లోయలోకి దిగింది. కూలిన మాను ఎక్కి చూసింది. ఎండిన ప్రతి కొమ్మ చివరా అదే తెల్లమైనం.

"తల్లి పెట్టుకున్న టోపీయే పిల్లా పెట్టుకుందన్నమాట," అని కత్తి అక్కడే వదిలేసి వచ్చింది.

"చూస్తూ కూర్చుంటే మొక్క బతుకుతుందటే? మాకు లేని తెలివి కట్టెలదానికుందా?" అని ఎకసెక్కమాడాడు వర్తకుడు.

"మీ ఇద్దరి తెలివీ చూశాంగా బాబూ," అంది నాంచారి.

వసంతం వచ్చింది. తెల్లటోపీ చిట్లింది. లోపల్నుంచి, లోకం పుట్టిననాటి పచ్చదనం మెల్లగా తొంగిచూసింది. చూడవచ్చిన రాజు తలపాగా తీసి చేత్తో పట్టుకుని, మొక్క ముందు వంగాడు.

"ఏం చేశావమ్మా?" అన్నాడు.

"ఏమీ చెయ్యలేదు దొరా. ఏమీ చెయ్యకుండా ఉండటానికే ఈ మూడునెలలూ నానా కష్టం పడ్డాను."

సరే, పాలు మరీ చల్లారిపోతాయి, నేను వెళ్ళి తోడు పెట్టాలి. పెట్టాక ఆ గిన్నె ఎవరూ కదపకండి. నాంచారిని గుర్తుంచుకోండి: తెలియనిదాన్ని ముందు కళ్ళారా చూడాలి, చెయ్యి వెయ్యడం ఆ తరవాతే.